నొప్పి వైద్యుని వద్ద

జ్వరమును కొలుచుటకు ఉష్ణమాపకము కలదు. రక్తపు పోటును కొలుచుటకు యంత్రము కలదు. రక్తములోని చక్కెరను ఒక్క బొట్టుతో లెక్కకట్టవచ్చును. కాని నొప్పిని నేరుగా కొలిచి అంకెలో చూపు యంత్రము ఏ ఆసుపత్రిలోను లేదు. ఒకరి మోకాలు ఎంత నొచ్చుచున్నదో ఇంకొకరు చూచి చెప్పలేరు, ఎక్స్‌రే చెప్పలేదు, రక్తపరీక్ష చెప్పలేదు. నొప్పికి కొలబద్ద అనుభవించువారి మాటయే. ఆ మాటను ఓపికతో విని, శరీర పరీక్షతో సరిచూచి, దానికి తగిన చికిత్స నిర్ణయించువాడే నొప్పి వైద్య నిపుణుడు.

గోదావరి డెల్టాలో నొప్పులు ఇంటింటి మాట. ధవళేశ్వరము వద్ద ఆనకట్ట 1852లో పూర్తియైన నాటి నుండి ఈ సీమ వరికి పుట్టినిల్లయినది. సార్వాకును దాళ్వాకును నడుము వంచి ఊడ్పులు ఊడ్చు స్త్రీల వెన్ను, కోనసీమ తోటలలో చెట్టు వెంట చెట్టు ఎక్కు దింపు కార్మికుల భుజములు, ఇనుప మొనపై కొబ్బరికాయ వలుచువారి మణికట్లు, నరసాపురపు లేసు అల్లు స్త్రీల మెడలు, వ్రేళ్ళు ఏండ్ల తరబడి శ్రమకు లోనగుచుండును. వీరిలో పెక్కుమంది ఎరిగిన చికిత్స ఒక్కటే: సాయంకాలము మందుల షాపునకు పోయి నొప్పుల బిళ్ళ ఒకటి కొని మ్రింగుట, మరునాడు మరల పనిలో దిగుట. ఆ బిళ్ళ కొన్ని నొప్పులకు మంచిదే. కొన్ని నొప్పులకు దాని వలన ప్రయోజనమే లేదు. ఏండ్ల తరబడి మ్రింగినచో అది మూత్రపిండములకే ముప్పు తేవచ్చును. ఏ నొప్పి ఏ జాతిదో ముందు తెలిసికొనవలెననుట ఇందువలననే.

ఈ వైద్యము ఎట్లు పుట్టినది?

పూర్వము నొప్పికి ప్రత్యేక వైద్యుడు లేడు. ఎముక నొప్పికి ఎముకల వైద్యుడు, తలనొప్పికి నరముల వైద్యుడు, కడుపునొప్పికి వేరొకడు. గాయము మానిన తరువాత కూడ మానని నొప్పిని చూచువారు లేకుండిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలములో అమెరికా సైనిక వైద్యశాలలో మత్తుమందు వైద్యుడుగా పనిచేసిన జాన్ బోనికా ఈ లోటును గుర్తించెను. ఇటలీ దేశపు చిన్న దీవిలో పుట్టిన ఈయన కుస్తీలు పట్టి చదువుకు డబ్బు సంపాదించినవాడు. నొప్పి యనగా నేమో స్వానుభవముచే ఎరిగినవాడు. వివిధ శాఖల వైద్యులు కలిసి ఒక్క రోగిని చూడవలెనని 1953లో వెలువడిన తన బృహద్గ్రంథములో ఆయన వాదించెను. ఆయన చొరవతో 1973లో జరిగిన సమావేశము నుండి అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘము ఉద్భవించెను. భారతదేశములో ఇట్టి సంఘము 1984లో ఏర్పడెను.

అంతర్జాతీయ సంఘము 2020లో తన నిర్వచనమును సవరించినప్పుడు ఒక ముఖ్యమైన మాట చేర్చెను: తనకు నొప్పిగా నున్నదని ఒకరు చెప్పినచో ఆ మాటను గౌరవింపవలెను. వైద్యుని గదిలో జరుగు కార్యమంతయు ఈ సూత్రముపై ఆధారపడి యున్నది.

మన దేశములో నొప్పి నిపుణులలో ఎక్కువమంది మొదట మత్తుమందు శాస్త్రములో ఎం.డి. పట్టము పొందినవారే. శస్త్రచికిత్సవేళ ఏ నాడిని ఎచ్చట తిమ్మిరెక్కింపవలెనో నిత్యము అభ్యసించువారు గనుక ఈ విద్య వారికి దగ్గరిది. అందుచేత పెద్ద ఆసుపత్రిలో నొప్పి వైద్యుడు ఎవరని విచారింపదలచినవారు మొదట మత్తుమందు విభాగములో అడుగుట మేలు.

నొప్పి ప్రయాణము

ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్టు గ్రంథమొకటి ఆయన మరణానంతరము 1660 తరువాతి సంవత్సరములలో అచ్చయ్యెను. అందులో ఆయన నొప్పిని గుడిగంటతో పోల్చెను. త్రాటి కొనను క్రింద లాగినచో పైన గంట మ్రోగును. కాలు కాలినచో మెదడులో నొప్పి మ్రోగును. ఈ పోలికలో కొంత నిజమున్నది.

శరీరము నుండి వెన్నుపామునకు నొప్పి వార్తను రెండు తెగల నాడీతంతువులు మోయును. ఒక తెగ సన్నని కొవ్వు పొర కప్పినది. అందు వార్త సెకండునకు 5 నుండి 30 మీటర్ల వేగముతో పోవును. రెండవ తెగకు ఆ పొర లేదు. దాని వేగము సెకండునకు 2 మీటర్లకు మించదు. కాలి బొటనవ్రేలి నుండి వెన్నుపాముకు దూరము సుమారు ఒక మీటరు అనుకొందము. సెకండునకు 20 మీటర్లు పోవు తంతువులో వార్త సెకండులో ఇరువదవ వంతు కాలమునకే చేరును. సెకండునకు 1 మీటరు పోవు తంతువులో పూర్తి సెకండు పట్టును. గడపకు వ్రేలు తగిలినప్పుడు మొదట చురుక్కుమని, ఒక క్షణమాగి సలుపు ఆరంభించుటకు కారణము ఇదియే. ఈ ప్రయోగమునకు ఉపకరణములు అక్కరలేదు. అందరి ఇండ్లలోను గడపలున్నవి!

ఇక త్రాటి కొన మాట. కారము దంచిన చేతులు మండుట తెలియని ఇల్లు ఆంధ్రదేశములో లేదు. నాడి కొనలలో సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి తెరచుకొను ఒక ప్రోటీను ద్వారము కలదు. మిరపకాయలోని కాప్సైసిను అను పదార్థము వేడి లేకుండగనే ఆ ద్వారమును తెరచును. 1997లో ఈ సంగతి కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానములో భాగము లభించెను. మిరపకాయ చేతిని కాల్చలేదు. అయినను చేయి మండుచున్నది. మంట అబద్ధము కాదు. దాని వెనుక నిప్పు మాత్రము లేదు. దీర్ఘకాలపు నొప్పిని అర్థము చేసికొనుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

డెకార్టు చెప్పని సంగతి ఇంకొకటి కలదు. త్రాటికిని గంటకును నడుమ ఒక తలుపు ఉన్నది. 1965లో మెల్జాక్, వాల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ సిద్ధాంతమును ప్రతిపాదించిరి. స్పర్శను మోయు లావు తంతువులు చురుకుగా నున్నచో వెన్నుపాములోని తలుపు కొంత మూతపడి నొప్పి వార్త తగ్గును. దెబ్బ తగిలిన చోట బిడ్డకు తల్లి చేతితో రుద్దుట ఈ తలుపును మూయుటయే. మెదడు కూడ పై నుండి ఆ తలుపును మూయగలదు, తెరవగలదు. 1944లో ఇటలీలోని ఆంజియో యుద్ధరంగమున బీచర్ అను అమెరికా వైద్యుడు తీవ్రముగా గాయపడిన సైనికులను ప్రశ్నించెను. వారిలో నాలుగింట మూడు వంతుల మంది నొప్పికి మందు అక్కరలేదనిరి. ప్రాణముతో బయటపడితిమను భావము వారి తలుపును మూసినది. అట్లే నిద్రలేమి, భయము, దిగులు ఆ తలుపును తెరచును. సిద్ధాంతములోని కొన్ని వివరములు తరువాత మారినవి గాని దాని సారము నిలిచినది.

నొప్పి నెలల తరబడి నిలిచినచో వెన్నుపాములోని కణములే మారిపోవచ్చును. 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ దీనిని ప్రయోగముచే చూపెను. అప్పుడు చిన్న స్పర్శ కూడ నొప్పిగా తోచును. ఎవరును త్రాడు లాగకున్నను గాలికే మ్రోగు గంటవంటిది ఆ స్థితి. గంటను నమ్మవలసినదే, కాని అది మ్రోగినప్పుడెల్ల ఎచ్చటనో గాయమున్నదని భావింపరాదు.

మాటలలోని గుట్టు

తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నవో లెక్కింపుడు. తలకు పోటు, కురుపునకు సలుపు, కడుపులో మెలిపెట్టుట, నడుము పట్టివేయుట, కాళ్ళకు పీకులు, ఒంటికి తీపులు, అరికాళ్ళకు మంటలు, చేతికి తిమ్మిరి. కలుక్కుమనుట వేరు, జివ్వుమని లాగుట వేరు. ఈ మాటలు అలంకారములు కావు, రోగనిర్ణయమునకు ఆధారములు.

నొప్పులు స్థూలముగా మూడు జాతులు. మొదటిది కండరములు, కీళ్ళు, ఎముకల వంటి అవయవములకు కలిగిన హాని వలన వచ్చునది. ఇది సాధారణముగా సలుపు, పీకు, పట్టు అను మాటలలో చెప్పబడును. రెండవది నొప్పి వార్త మోయవలసిన నాడియే దెబ్బతినుట వలన వచ్చునది. మధుమేహము ముదిరినప్పుడు రెండు పాదములకును మేజోళ్ళు తొడిగినంత మేర పుట్టు మంట, జనులు సర్పి అని పిలుచు పొక్కులు మానిన తరువాత ఆ చోటనే నిలిచిపోవు మంట ఈ జాతివి. మూడవది గాయము గాని నాడి దెబ్బ గాని కనబడకున్నను నాడీమండలము యొక్క సున్నితత్వము పెరుగుట వలన కలుగునది. ఒకే మనిషిలో రెండు మూడు జాతులు కలిసి యుండుటయు కలదు.

మెల్జాక్ 1975లో నొప్పిని వర్ణించు ఆంగ్ల పదములను తరగతులుగా కూర్చి ఒక ప్రశ్నావళి తయారు చేసెను. 2005లో ఫ్రెంచి వైద్యులు పది అంశముల ప్రశ్నావళి నొకదానిని ప్రకటించిరి. మంటగా నున్నదా? కరెంటు కొట్టినట్లున్నదా? సూదులు పొడిచినట్లున్నదా? తిమ్మిరి, దురద ఉన్నవా? ఇట్టి ప్రశ్నలును, స్పర్శ పరీక్షలును కలిపి పదింటిలో నాలుగు గాని అంతకు మించి గాని కుదిరినచో అది నాడి నొప్పి కావచ్చునని అనుమానింతురు. వైద్యుని యెదుట మన ఇంటి మాటలనే వాడుట ఎందుకు మేలో ఇప్పుడు తెలియును. "నొప్పిగా ఉన్నది" అనుట కంటె "అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్లున్నవి, రాత్రి ఎక్కువ" అనుట వైద్యునికి దారి చూపును.

మొదటి దర్శనము

మూడు నెలలు దాటి నిలిచిన నొప్పిని దీర్ఘకాలపు నొప్పి యందురు. సాధారణ వైద్యము చేసినను తగ్గని నొప్పి, నిద్రను గాని పనిని గాని చెరచుచున్న నొప్పి, క్యాన్సరు వలన కలుగు నొప్పి ఉన్నప్పుడు ఈ నిపుణుని చూడవలెను. క్యాన్సరు నొప్పికి మాత్రము మూడు నెలలు ఆగనక్కరలేదు.

వెళ్ళునప్పుడు పాత చీటీలు, స్కాను ఫిలిములు, వాడుచున్న మందులన్నియు సంచిలో వేసికొని పోవలెను. మందుల షాపులో అడిగి కొన్న బిళ్ళలు, ఊరి వైద్యుడు వేసిన సూదిమందులు, నాటుమందులు, చూర్ణములు కూడ దాచకుండ చెప్పవలెను. వైద్యుడు కోప్పడునను భయముతో దాచినచో నష్టము రోగికే. మధుమేహము, రక్తపు పోటు, కడుపులో పుండు, మూత్రపిండ వ్యాధి ఉన్న సంగతి, రక్తము పలుచన చేయు మందులు వాడుచున్న సంగతి మొదటనే తెలుపవలెను. ఇంటివారొకరు తోడు వచ్చుట మంచిది. రోగి మరచినది వారు చెప్పుదురు, వైద్యుడు చెప్పినది వారు జ్ఞాపకముంచుకొందురు.

ముందు వారము రోజులు ఒక నోటుపుస్తకములో ఉదయము, మధ్యాహ్నము, రాత్రి నొప్పికి అంకె వేసికొనుట ఎంతో ఉపయోగము. నొప్పి లేనిచో 0, ఊహింపగలిగినంత భయంకరమైనచో 10. ఆ వేళ చేయుచున్న పని, మ్రింగిన మందు, పట్టిన నిద్ర కూడ వ్రాయవచ్చును. అంకె ఒకరితో ఒకరిని పోల్చుటకు కాదు. ఊడ్పులు ఊడ్చు స్త్రీ చెప్పిన 6కును, గుమాస్తా చెప్పిన 6కును పోలిక లేదు. అదే మనిషి నేటి 6కును, నెల తరువాతి 4కును పోలిక కలదు. ఆమేరకు రోగి మాట కొలబద్దగా మారును.

వైద్యుడు మనిషి బొమ్మ ముందు వైపు, వెనుక వైపు గీసిన కాగితము ఇచ్చి నొప్పి ఉన్న చోట రంగు వేయుమనవచ్చును. ఆ తరువాత ప్రశ్నలు: ఎప్పుడు మొదలైనది? ఎచ్చట నుండి ఎచ్చటకు ప్రాకుచున్నది? వంగినప్పుడా, కూర్చున్నప్పుడా, నడచినప్పుడా ఎక్కువ? ఏమి చేసినచో ఉపశమించుచున్నది? కొన్ని ప్రశ్నలు నొప్పికి సంబంధము లేనట్లు కనబడును. ఇంటిలో ఎవరెవరున్నారు? అప్పులేమైన ఉన్నవా? దిగులుగా నుండునా? నిద్ర పట్టునా? మందును, సారాయిని వాడుదురా? ఈ ప్రశ్నలకు నొచ్చుకొనరాదు. "నొప్పి నీ మనస్సులోనిదే" అని వైద్యుడు అనుట లేదు. మెదడు తలుపును ఏవి తెరచుచున్నవో ఆయన వెదకుచున్నాడు. ఇందుకు అరగంటయో గంటయో పట్టవచ్చును.

చేతితో చేయు పరీక్ష

రోగి గదిలోనికి నడచివచ్చు తీరుతోనే పరీక్ష ఆరంభమగును. ఎట్లు కూర్చుండెను, ఎట్లు లేచెను, ఏ కాలిపై బరువు మోపెను అను వానిని వైద్యుడు గమనించును. తరువాత వెల్లకిల పరుండబెట్టి మోకాలు వంచకుండ కాలు మెల్లగా పైకెత్తును. 30 నుండి 70 డిగ్రీల కోణములోపల నొప్పి పిరుదు నుండి మోకాలు దాటి పాదమునకు జివ్వున దిగినచో నడుములో నాడి మొదలు నలుగుచున్నదని అనుమానము. దూది పోగుతో తాకుట, మొనతో మెల్లగా గ్రుచ్చుట, చల్లని లోహము నానించుట, శ్రుతిదండమును మ్రోగించి ఎముకపై నిలుపుట, చిన్న సుత్తితో మోకాటి చిప్ప క్రింద తట్టుట: ఇవన్నియు ఒక్కొక్క తెగ నాడిని విడివిడిగా ప్రశ్నించు ఉపాయములు. పరీక్షలో కొంత నొప్పి కలుగవచ్చును. ఓర్చుకొనక వెంటనే చెప్పవలెను. ఓర్పు చూపుట ఇచ్చట గొప్ప కాదు, చెప్పుటయే గొప్ప.

చాలమంది ఎం.ఆర్.ఐ. స్కాను తీయకున్నచో వైద్యము కానట్లు భావింతురు. 2015లో వెలువడిన ఒక సమీక్ష ఈ విషయమును తేటపరచినది. నడుము నొప్పి ఏమియు లేని వారిని స్కాను చేసి చూడగా 20 ఏండ్ల వయస్సువారిలో నూటికి 37 మందికి, 80 ఏండ్ల వారిలో నూటికి 96 మందికి వెన్నెముక బిళ్ళలు క్షీణించిన గుర్తులు కనబడినవి. తల నెరియుట వంటిదే ఇదియును. స్కాను బొమ్మలో కనబడినదెల్ల నొప్పికి కారణము కాదు. మాటయు, పరీక్షయు, బొమ్మయు మూడును కుదిరినప్పుడే కారణము దొరకినట్లు.

అయితే కొన్ని గుర్తులున్నచో నొప్పి వైద్యునికై ఎదురుచూడరాదు. వెంటనే పెద్ద ఆసుపత్రికి పోవలెను. నడుము నొప్పితో పాటు మలమూత్రములపై స్వాధీనము తప్పుట, తొడల నడుమ తిమ్మిరెక్కుట, కాలు పడిపోవుట. నొప్పితో జ్వరము గాని, కారణము తెలియకుండ బరువు తగ్గుట గాని కనబడుట. ఛాతీలో బిగించినట్లు నొప్పి. ఎన్నడును లేనంత తలనొప్పి హఠాత్తుగా వచ్చుట. ఇవి నిజముగా నిప్పు అంటుకొని మ్రోగు గంటలు.

ఏ నొప్పికి ఏ మందు?

డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి వాపు తగ్గించు మందులు శరీరములో ప్రోస్టాగ్లాండినులు అను పదార్థముల తయారీని అడ్డగించును. 1971లో జాన్ వేన్ ఈ రహస్యమును బయటపెట్టి 1982లో నోబెల్ బహుమానములో పాలు పొందెను. ప్రోస్టాగ్లాండినులు వాపును, నొప్పిని పెంచును. కాని అవియే జీర్ణకోశపు పొరను కాపాడును, మూత్రపిండములకు రక్తము తెచ్చు గొట్టములను తెరచి యుంచును. వైశాఖపు ఎండలో చెమటోడ్చి నీరు తగ్గిన శరీరమునకు ఈ రెండవ ఉపకారము మరింత అవసరము. అట్టి వేళ రోజుకు రెండు బిళ్ళల చొప్పున నెలల తరబడి మ్రింగినచో కడుపులో పుండ్లును, మూత్రపిండములకు హానియు కలుగవచ్చును. చచ్చిన పశువుల దేహములో మిగిలిన డైక్లోఫినాక్ తిని మన దేశపు రాబందులు మూత్రపిండములు చెడి లక్షల సంఖ్యలో నశించినవి. అందుచేతనే 2006లో పశువైద్యములో ఆ మందును నిషేధించిరి. మనుష్యుని మూత్రపిండములు రాబందు వానివలె అంత సుకుమారములు కావు. అయినను ఇది మరువదగిన పాఠము కాదు.

నాడి దెబ్బ వలన కలుగు మంటకు ఈ బిళ్ళలు అంతగా పనిచేయవు. దానికి ఎమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ వంటివి ఇత్తురు. వీనిలో మొదటి రెండు దిగులు వ్యాధికిని, తరువాతివి మూర్ఛకును వాడబడునవి. చీటీ చదివిన బంధువు "ఇది పిచ్చికి ఇచ్చు మందు" అని భయపెట్టుట వలన పెక్కుమంది మానివేయుదురు. అది పొరపాటు. మెదడు నుండి వెన్నుపాములోని తలుపును మూయు సంకేతములను బలపరచుటకో, అతిగా చలించు నాడులను శాంతపరచుటకో ఇవి ఇవ్వబడుచున్నవి. కొంత మగత, నోరు ఎండుట కలుగవచ్చును. గుణము తెలియుటకు కొన్ని వారములు పట్టును. వైద్యుని అడుగక ఒక్కసారిగా మానరాదు.

కొన్ని నొప్పులకు నొప్పి వైద్యుడు తాను మందు వ్రాయుటతో తృప్తిపడక వేరొక నిపుణుని వద్దకు పంపును. ఉదయము లేవగనే చేతి వ్రేళ్ళు గంటకు పైగా బిగిసి, వాచి యుండు కీళ్ళవాతము అట్టిది. అందు కీలును తినివేయు వ్యాధిని ఆపవలెను. నొప్పి నొక్కటే అణచినచో వ్యాధి లోలోపల సాగుచునే యుండును. ఈ వ్యాధికి నేడు లోకమంతటను మొదట వాడు మందు మెథోట్రెక్సేట్. దాని పుట్టుకకు గోదావరి సీమతో సంబంధమున్నది. 1895 జనవరి 12న భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయములో ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలములైన ఔషధములు తయారైనవి. మొదట అవి పిల్లల రక్తపు క్యాన్సరుకు వాడబడినవి. 1948లో సుబ్బారావు మరణించిన చాలకాలమునకు, 1988లో, అమెరికా ప్రభుత్వము మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతమునకు అనుమతించినది. కీళ్ళకు దీనిని వారమునకు ఒక్కసారి మాత్రమే వాడుదురు. పొరపాటున రోజూ మ్రింగినచో ప్రాణాపాయము. వైద్యుడు చీటీపై వారము పేరు వ్రాసెనో లేదో చూచుకొనవలెను.

క్యాన్సరు నొప్పికి అవసరమైనప్పుడు మార్ఫిను ఇత్తురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో ప్రకటించిన మార్గదర్శకమున తీవ్రమైన నొప్పికి దీనినే సూచించినది. నల్లమందును చట్టబద్ధముగా పండించు దేశములలో మనది ఒకటి. ఘాజీపూరులోను, నీమచ్‌లోను ప్రభుత్వ కర్మాగారములున్నవి. అయినను 1985 నాటి మాదకద్రవ్యముల చట్టపు నిబంధనల వలన ఆసుపత్రులు మార్ఫినును ఉంచుటకే వెనుదీసినవి. ఎందరో రోగులు అది అందక బాధపడిరి. 2014లో చట్టమును సవరించి ఈ అడ్డంకులను తగ్గించిరి. క్యాన్సరు నొప్పికి వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు తీసికొనిన మార్ఫిను వలన వ్యసనము పట్టుట అరుదు. మలబద్ధకము మాత్రము తప్పక కనిపెట్టవలసినది. నడుము నొప్పి వంటి దీర్ఘకాలపు నొప్పులకు అదే మందును ఏండ్ల తరబడి వాడుట వేరు విషయము; అందు లాభము తక్కువ, ముప్పు ఎక్కువ.

సూదులు, కసరత్తు

నొప్పి వైద్యుడనగనే సూది జ్ఞాపకము వచ్చును. అల్ట్రాసౌండు గాని, ఎక్స్‌రే గాని చూపుచుండగా నాడి దగ్గరకు సన్నని సూదిని నడిపి తిమ్మిరి మందును, కొన్నిసార్లు వాపు తగ్గించు స్టిరాయిడును వేయుదురు. కొన్ని కీళ్ళ వద్ద నాడి కొనను రేడియో తరంగముల వేడిమిచే నిద్రపుచ్చుదురు. ఎచ్చట నొచ్చిన అచ్చట కంటి అంచనాతో పొడుచు ఇంజెక్షనుకును దీనికిని చాల భేదమున్నది. ముందు సమ్మతి పత్రముపై సంతకము తీసికొందురు; చేసిన తరువాత కొంతసేపు అక్కడనే ఉంచి చూతురు. ఫలితము కొందరికి వారములు, కొందరికి నెలలు నిలుచును. కొందరికి ఏమియు ఉండదు. "ఈ సూది నాకు ఎందుకు? పని చేయకున్నచో తరువాత ఏమి?" అని అడుగుటకు రోగికి హక్కున్నది.

సూది తెచ్చిన ఉపశమనము వాకిలి తెరచునదే; లోనికి నడువవలసినది రోగి. కొద్దికొద్దిగా పెంచుచు పోవు వ్యాయామము దీర్ఘకాలపు నొప్పులలో చాలవానికి పనికివచ్చును. నొప్పి తగ్గిన నాడు రెండు రోజుల పని ఒక్కసారి చేసి, మరునాడు మంచము పట్టుట పల్లెలలో సాధారణము. దానికి బదులు పనిని ముక్కలు చేసి, నడుమ నడుమ లేచి నడుము చాచుట నేర్పుదురు. భయమును, నిద్రలేమిని తగ్గించు మానసిక చికిత్సయు ఇందులో భాగమే.

మొదటి దర్శనముతో నొప్పి మాయమగునని ఆశించినచో నిరాశయే మిగులును. దీర్ఘకాలపు నొప్పిలో నూటికి 30 వంతులు తగ్గినచో అది చెప్పుకోదగిన మేలని పరిశోధకులు లెక్కింతురు. 7 నుండి 5కు దిగుట అంకెలో స్వల్పము. బ్రతుకులో స్వల్పము కాదు. అందుచేత మంచి వైద్యుడు "నీకేమి చేయగలుగవలెనని ఉన్నది?" అని అడుగును. రాత్రి ఆరు గంటలు నిద్రించుట, కాలువ గట్టు వరకు నడచుట, మనుమని ఎత్తుకొనుట, పూటకు రెండు గంటలు లేసు అల్లుట: ఇవి గమ్యములు. తరువాతి దర్శనములో వైద్యుడు అంకెతో పాటు వీనిని గూర్చి కూడ అడుగును.

ఈ పనిలో పాఠశాలకును స్థానమున్నది. నాడీమండలపు పాఠము చెప్పు రోజున ఉపాధ్యాయుడు విద్యార్థులచే వారి ఊరిలో నొప్పికి వాడు మాటలను సేకరింపజేయవచ్చును: ఏ మాట ఏ అవయవమునకు వాడుదురు, ఏ వేళ, ఏ పని తరువాత వాడుదురు అని. ఇంటిలో చదువురాని అవ్వయో తాతయో ఉన్నచో, విద్యార్థి వారి యెదుట కూర్చుండి వారము రోజుల అంకెలు, వారు వాడిన మాటలను వాడినట్లే నోటుపుస్తకములో వ్రాసి పెట్టవలెను. మందుల షాపు బిళ్ళ పేరును, రోజుకు ఎన్ని మ్రింగుచున్నారో ఆ లెక్కను అందు చేర్చవలెను. రెండు మూడు పుటల ఆ వ్రాత వైద్యుని చేతికి అందినచో ఏ యంత్రమును చెప్పలేని సంగతి ఆయనకు తెలియును.